విసురు వల: వల విసరడంలో త్వరణం, సామర్థ్యం

విసురు వల ఒక్క మనిషి చేత్తో విసిరే వల. గాలిలో గుండ్రంగా విచ్చుకుని నీటి మీద పడుతుంది, అంచు చుట్టూ కట్టిన బరువుల వల్ల మునుగుతుంది, కింద ఉన్న చేపల్నీ రొయ్యల్నీ కప్పేస్తుంది. కట్టుడు వలలా చేప వచ్చి తగిలేదాకా ఇది ఆగదు, లాగుడు వలలా నలుగురి చేయీ కోరదు. ఒక విసురు ఒక సెకనులో ముగుస్తుంది. ఆ సెకనులో విసిరేవాడి దేహం వలకు రెండు చలనాలు ఇవ్వాలి. ఒకటి ముందుకు పోయే చలనం, రెండోది తన చుట్టూ తాను తిరిగే చలనం. మొదటిది వలను చోటికి చేరుస్తుంది, రెండోది దాన్ని విప్పుతుంది. ఈ రెండింటి వెనుక ఉన్న త్వరణం, బలం, శక్తి, సామర్థ్యాలను కోనసీమ జలాల్లో వాడుకలో ఉన్న వల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. పొడవైన బరువు దారాన్ని కర్రతో విసిరే ఫ్లై కాస్టింగ్‌లోనూ ఇవే సూత్రాలు పనిచేస్తాయి కాబట్టి దాన్ని వేరే విభాగంలో పోల్చడం జరిగింది.

వ్యాసంలో వాడిన రాశులు పాఠ్యపుస్తకాల్లోనివే. వేగం మారే రేటు త్వరణం. ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే బలం. బలం కొంత దూరం పనిచేస్తే శక్తి చేతులు మారుతుంది. ఆ శక్తి ఎంత తక్కువ కాలంలో చేతులు మారిందో చెప్పేది సామర్థ్యం. దీన్ని వాట్లలో కొలుస్తారు, 746 వాట్లు ఒక హార్స్‌పవర్.

చరిత్ర

బరువు కట్టిన వలను చేత్తో విసరడం చాలా దేశాల్లో పాత విద్య. రోమన్ల మల్లరంగంలో రెటియారియస్ అనే యోధుడికి బరువులు కట్టిన వల, త్రిశూలం ఆయుధాలు. మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖకు డైరెక్టరుగా ఉన్న జేమ్స్ హార్నెల్ తూర్పు, పడమర తీరాల చేపల వేట పద్ధతులను 20వ శతాబ్దపు తొలి సగంలో గ్రంథస్థం చేశాడు. గాలానికి మన దగ్గరి లిఖిత సాక్ష్యం అంతకంటే చాలా పాతది. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అనే భాగం ఉంది. చేపల రకాలు, ఎరలు, గాలం వేసే తీరు అందులో వర్ణితమయ్యాయి.

వల విసురులో ఇటీవలి కాలంలో వచ్చిన పెద్ద మార్పు దారంలో వచ్చింది. నైలాన్ రాకముందు వలలు నూలుతోనూ జనపనారతోనూ అల్లేవారు. అవి నీరు పీల్చుకునేవి, త్వరగా కుళ్ళేవి. కుళ్ళకుండా వాటిని చెట్ల బెరడు కషాయంలో ఉడికించి ఎండబెట్టేవారు. 1950ల చివర నుంచి నైలాన్ భారతదేశపు చేపల వేటలోకి రావడంతో ఈ శ్రమ తప్పింది. భౌతికశాస్త్రం దృష్టిలో అంతకంటే ముఖ్యమైన ఫలితం మరొకటి ఉంది: నీరు పెద్దగా పీల్చని సన్నని దారం వల్ల వల మధ్యభాగం తేలికైంది. మొత్తం బరువు అంతే ఉన్నా దానిలో ఎక్కువ వాటా అంచుకు చేరింది. విచ్చుకోవడానికి కావలసింది అంచు బరువే.

కోనసీమ జలాలు, వలకు అనువైన చోట్లు

గోదావరి ధవళేశ్వరం దగ్గర చీలి గౌతమి, వశిష్ఠ అనే పెద్ద పాయలుగా సాగుతుంది. ఆ రెంటి నడుమ సముద్రం దాకా పరుచుకున్న మూడు మూలల డెల్టా నేల కోనసీమ. వశిష్ఠ నుంచి చీలిన వైనతేయ ఈ నేలను మళ్ళీ రెండు చేస్తుంది. రాజోలు ప్రాంతం వశిష్ఠకూ వైనతేయకూ మధ్య, అమలాపురం ప్రాంతం వైనతేయకూ గౌతమికీ మధ్య ఉన్నాయి. వశిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847–1852 మధ్య కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి పంట కాలువలు కొత్తపేట, అమలాపురం, రాజోలు దాకా అల్లుకున్నాయి. అవి విడిచిన నీటిని మురుగు కాలువలు సముద్రం వైపు తీసుకుపోతాయి.

ఇక్కడి నీళ్ళు విసురు వలకు అమరినట్టు ఉంటాయి. కాలువలు వెడల్పు తక్కువ, లోతు తక్కువ. గట్టు మీద నిలబడి విసిరితే అవతలి ఒడ్డు దాకా ఉన్న నీటిలో సగం వల కిందికి వస్తుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గుంటల్లో మిగిలిన నీటిలో జెల్లలు, కొరమేనులు చిక్కుతాయి. పాయలు సముద్రంలో కలిసే మొగల దగ్గర పోటుతో పాటు ఉప్పునీరు లోపలికి వస్తుంది. దాని వెంట కొయ్యింగలు, రొయ్యలు, అప్పుడప్పుడు పండుగప్ప ఒడ్డు వారగా పైకి వస్తాయి. అందరూ తలచుకునే పులస మాత్రం ఈ వలకు చెందిన చేప కాదు. అది వరద నీటిలో ఏటికి ఎదురీదుతుంది, దాన్ని నడి ఏట్లో పడవల మీద నుంచి వదిలే పొడవాటి వలలతో పడతారు.

కాట్రేనికోన, ఉప్పలగుప్తం, అల్లవరం మండలాల రొయ్యల చెరువుల్లో విసురు వలకు వేట కాని పని ఒకటి ఉంది. చెరువులో సరుకు ఎంత ఉందో, ఎంత ఎదిగిందో అంచనా కట్టేది ఈ వలతోనే (చూ. చెరువులో అంచనా).

వల నిర్మాణం

వలకు ఐదు భాగాలు. మణికట్టుకు కట్టుకునే చేతి తాడు, తాడు కలిసే నడినెత్తి ముడి, అక్కడి నుంచి అంచు దాకా పరుచుకునే అల్లిక, అంచు తాడుకు గుచ్చిన సీసపు లేదా ఇనుప గుళ్ళు, అంచును లోపలికి మడిచి కట్టిన సంచులు. చేపలు చివరికి చేరేది ఈ సంచుల్లోకే. కొన్ని దేశాల్లో సంచుల బదులు అంచు నుంచి నడినెత్తి గుండా తాళ్ళు వేసి, లాగితే అంచు ముడుచుకునేలా చేస్తారు.

అల్లిక నడినెత్తి దగ్గర కొద్ది కన్నులతో మొదలై, వరుసలు దిగేకొద్దీ కన్నులు పెంచుకుంటూ పోతుంది. ఎన్ని పెంచాలన్నది జ్యామితి నిర్ణయించే విషయం. వృత్తం చుట్టుకొలత వ్యాసార్ధానికి 6.28 రెట్లు. వ్యాసార్ధం 2.5 మీటర్లున్న వల బల్లపరుపుగా పరుచుకోవాలంటే అంచు 15.7 మీటర్లు ఉండాలి. దారం పొదుపు కోసం కన్నులు తక్కువ పెంచితే వల గంట ఆకారంలో ఆగిపోతుంది. ఎంత బలంగా విసిరినా అది వృత్తం కాదు. కొత్త వల సరిగా పడనప్పుడు విసిరేవాడి చేతిని తప్పుపట్టే ముందు అల్లికను చూడడం న్యాయం.

ఈ వ్యాసంలోని లెక్కలన్నిటికీ ఒకే నమూనా వలను తీసుకోవచ్చు. వ్యాసార్ధం 2.5 మీటర్లు, పూర్తిగా విచ్చుకుంటే వైశాల్యం 19.6 చదరపు మీటర్లు. అంచున సుమారు 8 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 20 గ్రాముల గుళ్ళు 200, అంటే 4 కిలోలు. తడిసిన అల్లిక, తాడు 1.5 కిలోలు. మొత్తం 5.5 కిలోలు.

విసురు: చేతి నుంచి నీటి దాకా

కుడి చేతివాటం మనిషి ముందుగా తాడు ఉచ్చును ఎడమ మణికట్టుకు వేసుకుంటాడు. తాడును చుట్టలు చుట్టలుగా ఎడమ చేతిలోకి తీసుకుని, నడినెత్తి నుంచి కొంత కింద వల మెడను అదే చేత్తో పట్టుకుంటాడు. అంచులో ఒక భాగాన్ని ఎత్తి ఎడమ మోచేతి మీద వేస్తాడు. వేలాడుతున్న మిగతా అంచులో దాదాపు సగాన్ని కుడి చేతిలోకి ఏరుకుంటాడు. ఏరేటప్పుడు గుళ్ళు ఒకదాన్నొకటి దాటకుండా వేళ్ళతో సరిచేయడంలో చాలా సమయం పోతుంది. చూసేవారికి అది విసురులో భాగంలా కనిపించదు కానీ ఒక్క గుండు పక్కదాని కన్నులో దూరినా వృత్తంలో ఒక ముక్క తెరుచుకోదు.

తరువాత నడుము ఎడమ వైపు నుంచి వెనక్కి తిరిగి, ఒక క్షణం ఆగి, ముందుకు తిరుగుతుంది. బలం పాదం నుంచి మొదలవుతుంది. వెనుక కాలు నేలను తన్నుతుంది, తుంటి తిరుగుతుంది, దాని వెంట మొండెం, భుజం, మోచేయి, చివరికి మణికట్టు కదులుతాయి. పెద్ద కండరాలు ముందు, చిన్నవి తరువాత. ఒక్కో భాగం వేగం అందుకున్నాక తరువాతి భాగం దాని పైన తన వేగాన్ని చేరుస్తుంది. క్రికెట్ బంతి విసిరే చేతిలోనూ ఇదే క్రమం ఉంటుంది. చేతులతోనే విసరాలని చూసేవాడు త్వరగా అలసిపోవడానికి కారణం, తుంటి చేయాల్సిన పనిని భుజం మీద వేయడమే.

త్వరణం

నమూనా వల మధ్యబిందువు సెకనుకు 6 మీటర్ల వేగంతో, అడ్డగీతకు 25 డిగ్రీల కోణంలో చేయి విడిచిందనుకుంటే, నీటికి 1.2 మీటర్ల ఎత్తు నుంచి అది సుమారు 0.82 సెకన్లు గాలిలో ఉండి 4.4 మీటర్ల దూరంలో పడుతుంది. గాలి నిరోధాన్ని ఇక్కడ లెక్కించలేదు. గట్టు నుంచి కాలువ నడిమికి వేసే మామూలు విసురుకు ఈ దూరం సరిపోతుంది.

నిశ్చలస్థితి నుంచి 6 మీటర్ల వేగానికి చేరడానికి చేతికి దొరికే దారి సుమారు 1.2 మీటర్లు. త్వరణం ఆ దారి పొడుగునా సమానంగా ఉంటే అది సెకను వర్గానికి 15 మీటర్లు, అంటే గురుత్వ త్వరణానికి ఒకటిన్నర రెట్లు. కాలం 0.4 సెకన్లు, కావలసిన బలం సుమారు 83 న్యూటన్లు. మెల్లగా మొదలై కాలంతో పాటు క్రమంగా పెరిగే త్వరణమైతే అదే దారికి 0.6 సెకన్లు పడుతుంది, చివరన త్వరణం 20కి, బలం 110 న్యూటన్లకు చేరుతుంది. మూడో తీరు కుదుపు. మొదటి 90 సెంటీమీటర్లు వల ఊరికే వేలాడి, చివరి 30 సెంటీమీటర్లలో మాత్రమే చేయి లాగితే త్వరణం 60కి, బలం 330 న్యూటన్లకు ఎగబాకుతుంది.

మూడు తీరుల్లోనూ చివరి వేగం ఒక్కటే. అయితే వల గట్టి వస్తువు కాదు, బరువులు వేలాడే మెత్తని వస్తువు. కుదుపుతో లాగినప్పుడు ముందు అల్లిక సాగుతుంది, గుళ్ళు వెనకబడతాయి, తరువాత ఒక్కసారిగా లాగబడి ఒకదాని మీద ఒకటి పడతాయి. క్రమంగా పెరిగే త్వరణంలో అల్లిక మొదటి నుంచీ బిగువుగా ఉంటుంది, గుళ్ళన్నీ దాదాపు ఒకే వేగంతో చేయి విడుస్తాయి. అనుభవజ్ఞుల విసురు తీరిగ్గా మొదలైనట్టు కనిపించడం ఇందువల్లే. ఆ నెమ్మది అలంకారం కాదు, వల ఆకారం చెడకుండా ఉండడానికి అది అవసరం.

శక్తి, సామర్థ్యం

చేయి విడిచేటప్పటికి వలలో ఉన్న ముందుకు పోయే గతిజశక్తి 99 జౌళ్ళు. విచ్చుకోవడానికి కావలసిన భ్రమణ శక్తి, కింది విభాగంలో చూపిన లెక్క ప్రకారం, 18 జౌళ్ళు. విసిరే ఊపులో వల అర మీటరు పైకి లేస్తే అందుకు 27 జౌళ్ళు. అన్నీ కలిపి 144 జౌళ్ళు. ఒక లీటరు నీటి సీసాను నేల మీద నుంచి 15 మీటర్ల కొబ్బరి చెట్టు తలదాకా చేర్చడానికి పట్టే శక్తి కూడా దాదాపు ఇంతే.

ఆ 144 జౌళ్ళు 0.4 సెకన్లలో చేతులు మారాయి కాబట్టి సగటు సామర్థ్యం 360 వాట్లు, దాదాపు అర హార్స్‌పవర్. సమ త్వరణంలో సామర్థ్యం వేగంతో పాటు పెరుగుతుంది. అందువల్ల విడిచే ముందు క్షణంలో అది సగటుకు దాదాపు రెట్టింపు ఉంటుంది. కుదుపు విసురులో చివరి పదో వంతు సెకనులో ముందుకు పోయే చలనానికే సుమారు 990 వాట్లు కావాలి. ఆరోగ్యవంతుడు రోజంతా చేయగల శ్రమ 75 వాట్ల దరిదాపుల్లో ఉంటుందని సాధారణ అంచనా. కాబట్టి విసురుకు కావలసిన శక్తి చిన్నది, సామర్థ్యం మాత్రం పెద్దది. రెండు నిమిషాలకొకసారి విసిరేవాడు విసురు మీద పెట్టే సగటు సామర్థ్యం వాటుకు కాస్త పైన ఉంటుందంతే. వేట రోజున అలసట ఎక్కువగా వచ్చేది బురదలో నడవడం, నీరు నిండిన వలను లాగడం, ఏరడం, ఎండ వల్లనే.

భ్రమణం, విచ్చుకోవడం

వల తిరగడానికి కారణం రెండు చేతులూ ఒకేసారి విడవకపోవడం. కుడి చేతిలోని అంచు ముందు బయలుదేరుతుంది. ఎడమ మోచేతి మీది భాగం దాని వెంట లాగబడి ఒక లిప్త ఆలస్యంగా జారుతుంది. ముందున్న అంచు మీద, వెనక ఆగిన అంచు మీద బలాలు ఒకే గీత మీద లేనందున టార్క్, అంటే తిప్పే ప్రభావం, పుడుతుంది, వల తిరుగుతూ బయటపడుతుంది.

గుళ్ళన్నీ వల మధ్యబిందువు నుంచి 0.6 మీటర్ల దూరంలో వలయంగా ఉండి సెకనుకు 3 మీటర్ల వేగంతో తిరుగుతున్నాయని ఊహిస్తే లెక్క తేలికవుతుంది. ఆ 4 కిలోలను వలయంలో పట్టి ఉంచడానికి మొత్తం 60 న్యూటన్ల అభికేంద్ర బలం కావాలి. చేయి వదిలాక ఆ బలం ఉండదు. వడిసెల నుంచి జారిన రాయిలాగే ప్రతి గుండూ స్పర్శరేఖ వెంట నేరుగా పోతుంది. 0.82 సెకన్లకు ఒక్కో గుండు తన స్పర్శరేఖ మీద 2.46 మీటర్లు పోయి, మధ్యబిందువుకు సుమారు 2.5 మీటర్ల దూరం చేరుతుంది. అంటే వల నీటిని తాకేసరికి సరిగ్గా విచ్చుకుంటుంది.

గుళ్ళు బయటికి పోయేకొద్దీ భ్రమణం మందగిస్తుంది. కోణీయ ద్రవ్యవేగం మారదు. వ్యాసార్ధం నాలుగు రెట్లకు పైగా పెరగడంతో సెకనుకు 5 రేడియన్ల కోణీయ వేగం 0.3 రేడియన్ల లోపుకు పడిపోతుంది. చేతి దగ్గర గిరగిరా తిరిగిన వల నీటి మీదికి వచ్చేసరికి తిరగకుండా పరుచుకున్నట్టు కనిపించడానికి కారణం ఇదే.

ఈ లెక్కలో కాస్త తేడా పెద్ద తేడా తెస్తుంది. తిప్పే వేగం 3కు బదులు 2 మీటర్లే ఉంటే నీటిని తాకేసరికి వ్యాసార్ధం 1.74 మీటర్లకు మించదు, కప్పిన వైశాల్యం పూర్తి వలలో 48 శాతమే. తిప్పే వేగం 4.5 మీటర్లయితే 0.54 సెకన్లకే అల్లిక పూర్తిగా బిగుసుకుంటుంది. నీటిని తాకడానికి ఇంకా 0.28 సెకన్లు ఉంది. బిగిసిన అల్లిక గుళ్ళను వెనక్కి లాగడంతో వల పడేలోపే ముడుచుకోవడం మొదలవుతుంది. కాబట్టి మంచి విసురుకు గుర్తు బలం కాదు, వల పూర్తిగా విచ్చుకునే క్షణం నీటిని తాకే క్షణంతో కలవడం. దూరంగా విసరాల్సి వచ్చినప్పుడు గాల్లో ఉండే కాలం పెరుగుతుంది కాబట్టి తిప్పడం తగ్గించాలి. దగ్గరగా, ఎత్తు లేని చోట వేసేటప్పుడు తిప్పడం పెంచాలి. నేర్చుకునేవారికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది.

గాలి, తడి

విచ్చుకున్న అల్లిక గాలికి అడ్డు. ఎంత అడ్డు అన్నది దారం మందం, కన్ను పరిమాణం మీద ఆధారపడుతుంది. వల నీటికి సమాంతరంగా పోతే గాలి తక్కువ తగులుతుంది, వాలుగా లేస్తే ఎక్కువ. మధ్యాహ్నం తరువాత సముద్రపు గాలి లేచే అంతర్వేది, ఓడలరేవు ఇసుకల మీద ఎదురుగాలికి విసిరితే తేలికైన మధ్యభాగం వెనక్కి ఎగిరి, బరువైన అంచు ముందుకు పోయి వల అండాకారమవుతుంది. గాలి వీపున పెట్టుకుని విసరడం అందుకే ఆనవాయితీ.

పొడి వల మొదటి విసురు తరచూ సరిగా పడదు. తడిసిన అల్లిక బరువెక్కుతుంది, దారాలు ఒకదానికొకటి అంటుకుని చేతిలో మడతలు నిలుస్తాయి. అందుకే పని మొదలుపెట్టే ముందు వలను నీటిలో ముంచి తీస్తారు.

నీటిలో మునక

నీటిలో వస్తువు కోల్పోయే బరువు అది తొలగించిన నీటి బరువుకు సమానం. సీసం సాంద్రత నీటికి 11.3 రెట్లు. 4 కిలోల సీసం నీటిలోనూ సుమారు 3.65 కిలోల బరువు చూపుతుంది. ఇనుము సాంద్రత 7.8 రెట్లు కాబట్టి అదే 4 కిలోల ఇనుము 3.5 కిలోలు చూపుతుంది. నైలాన్ నీటికంటే కొద్దిగా మాత్రమే బరువైనది, 1.14 రెట్లు. కిలో నైలాన్ నీటిలో 120 గ్రాములే. పాలిథిన్ దారం నీటి మీద తేలుతుంది కాబట్టి విసురు వలకు పనికిరాదు.

మునిగే వల కొద్దిసేపట్లోనే చరమ వేగం అందుకుంటుంది. ఆ వేగం నీటిలోని బరువును అల్లిక అడ్డుకునే వైశాల్యంతో భాగించగా వచ్చిన దాని వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. అర మిల్లీమీటరు దారంతో, ముడి నుంచి ముడికి 10 మిల్లీమీటర్ల దూరంతో అల్లిన వలలో సుమారు పదో వంతు వైశాల్యం దారమే. ఆ దూరాన్ని 20 మిల్లీమీటర్లు చేస్తే అది ఇరవయ్యో వంతుకు తగ్గి, మునక వేగం 1.4 రెట్లవుతుంది. రొయ్యల కోసం చిన్న కన్ను వల వాడేవారు గుళ్ళు పెంచక తప్పదు.

మునిగేటప్పుడు అంచు కిందికి పోతుంటే నీరు అల్లికను పైకి నెడుతుంది. అల్లిక బిగిసి అంచును లోపలికి లాగుతుంది. లోతు పెరిగేకొద్దీ అడుగున కప్పే వైశాల్యం తగ్గడానికి కారణం ఇదే. చేపకు దొరికే వ్యవధిని కూడా లెక్క కట్టవచ్చు. మునక వేగం సెకనుకు అర మీటరనుకుంటే మీటరు లోతు నీటిలో అడుగు చేరడానికి 2 సెకన్లు. చేపలు ఉలిక్కిపడి పారిపోయేటప్పుడు సెకనుకు తమ పొడవుకు పది రెట్ల దూరం పోగలవన్నది స్థూలమైన సూత్రం. 30 సెంటీమీటర్ల కొయ్యింగ వల మధ్యలో ఉన్నా 0.8 సెకన్లలో అంచు దాటిపోగలదు. విసురు వల లోతు తక్కువ నీటికీ, మసక నీటికీ, మందగా తిరిగే చేపలకూ పనికొస్తుందనడానికి ఈ అంకెలే ఆధారం.

పాయల్లో ప్రవాహం మరో విషయం. సెకనుకు అర మీటరు వేగంతో పోటు లాగుతున్నప్పుడు 2 మీటర్ల లోతుకు మునిగే 4 సెకన్లలో వల 2 మీటర్లు కొట్టుకుపోతుంది. నీటితో పాటు ఈదే చేపకు ఇది తేడా చేయదు. అడుగున రాళ్ళ వారగా ఉన్న చేప కోసం వేసేవారు మాత్రం ప్రవాహానికి ఎగువన వేయాలి.

పడవ మీద విసురు

నేల మీద పాదం తన్నితే భూమి కదలదు. పడవ కదులుతుంది. మనిషితో కలిపి 180 కిలోలున్న చిన్న నావ మీద నుంచి నమూనా విసురు వేస్తే నావ సెకనుకు సుమారు 17 సెంటీమీటర్ల వేగంతో వెనక్కి జరుగుతుంది. ఆ మేరకు విసురు దూరం తగ్గుతుంది. పక్కకు విసిరితే సన్నని నావ ఒరుగుతుంది, పొడవు వెంట విసిరితే నిలకడగా ఉంటుంది. అందువల్ల విసిరేవాడు నావ ముక్కు దగ్గర నిలబడతాడు, వెనక ఒకరు తెడ్డుతో నావను సరిచేస్తారు.

గాలం, ఫ్లై కాస్టింగ్: పోలిక

వెదురు కర్ర గాలంలో విసురు తక్కువ. దారం చివర బరువు కట్టి విసిరే చేతి గాలంలో వేగమంతా ఆ బరువులోనే ఉంటుంది, దారం దాని వెంట పోతుంది. ఫ్లై కాస్టింగ్ దీనికి తిరగేసిన పద్ధతి. ఈకలు, దారాలతో పురుగులా కట్టిన ఎరకు బరువు దాదాపు ఉండదు. బరువంతా దారంలో ఉంటుంది. మాసిడోనియాలో ఇలాంటి ఎరతో చేపలు పట్టేవారని క్రీ.శ. 200 ప్రాంతపు రచయిత ఏలియన్ రాశాడు. భారతదేశంలో కర్ర గాలపు వేట మీద తొలి ప్రసిద్ధ గ్రంథం ‘ది రాడ్ ఇన్ ఇండియా’. మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సలివన్ థామస్ దాన్ని 1873లో ప్రచురించాడు.

ఫ్లై దారాలను మొదటి 30 అడుగుల బరువు బట్టి వర్గీకరిస్తారు. 5వ నంబరు దారానికి అది 140 గ్రెయిన్లు, సుమారు 9.1 గ్రాములు. కర్ర కొన 3 మీటర్ల దారిలో దాన్ని సెకనుకు 25 మీటర్ల వేగానికి చేర్చిందనుకుంటే త్వరణం సుమారు 104, కాలం 0.24 సెకన్లు. దారంలోకి చేరిన శక్తి 2.8 జౌళ్ళు, సగటు సామర్థ్యం 12 వాట్లు. కర్రనూ చేతినీ కదపడానికి అదనంగా కావాలి. వల విసురుతో పోలిస్తే త్వరణం ఏడు రెట్లు ఎక్కువ, సామర్థ్యం ముప్పయ్యో వంతు. ద్రవ్యరాశిలోని తేడా ఇలా అంకెల్లోకి వస్తుంది.

కర్ర ఇక్కడ ప్రధానంగా మీట. చేతి చిన్న కదలికను కొన దగ్గర పెద్ద కదలికగా మారుస్తుంది. వంగిన కర్రలో నిలిచే స్థితిస్థాపక శక్తి కొంత తోడవుతుంది, అయితే వంపు చేసే పెద్ద మేలు వేరు: చేయి గుండ్రంగా తిరుగుతున్నా కర్ర కొన దాదాపు సరళరేఖలో కదిలేలా చూడడం. త్వరణం క్రమంగా పెరిగితే కొన ఆ రేఖను వదలదు. మధ్యలో కుదుపు పడితే కర్ర ఎక్కువ వంగి కొన కిందికి దిగుతుంది, దారం తనను తానే దాటి చిక్కుపడుతుంది. వలలో గుళ్ళు చిక్కుపడడం, ఇక్కడ దారం చిక్కుపడడం ఒకే తప్పుకు రెండు రూపాలు.

చేయి ఆగాక దారం మెలిక తిరిగి ముందుకు దొర్లుతుంది. మెలిక పై భాగం కదులుతుంటుంది, కింది భాగం ఆగి ఉంటుంది. మెలిక సాగేకొద్దీ కదిలే భాగం కురచబడుతుంది. శక్తి ఆ తగ్గుతున్న ద్రవ్యరాశిలోనే ఉండాలి కాబట్టి గాలి నిరోధం లేకపోతే దాని వేగం పెరగాలి. నిజానికి నిరోధం ఆ పెరుగుదలను చాలావరకు తినేస్తుంది. ఈ చలనాన్ని స్పోలెక్ 1986లోనూ, రాబ్సన్ 1990లోనూ అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో గణితపరంగా విశ్లేషించారు. దారంలో శక్తి చివరి కొనకు చేరుతుంది, వలలో అంచు చుట్టూ పంచుకోబడుతుంది. రెండు పద్ధతుల మధ్య అసలు భేదం ఇది.

చెరువులో అంచనా

వనామి రొయ్య సాగుకు దేశంలో అనుమతి వచ్చాక కోనసీమ తీరంలో చెరువులు వేగంగా పెరిగాయి. మేత ఎంత వేయాలో, ఎప్పుడు పట్టుబడి చేయాలో తెలియాలంటే కౌంట్, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో, తెలియాలి. దాని కోసం చెరువులో పలు చోట్ల విసురు వల వేసి, పడిన రొయ్యలను లెక్కించి తూస్తారు. కౌంట్‌కు వల సరిగా విచ్చుకుందా లేదా అన్నది పెద్దగా అడ్డు రాదు. బతికిన రొయ్యల సంఖ్య కట్టేటప్పుడు మాత్రం అదే కీలకం. ఒక విసురులో పడిన సంఖ్యను వల వైశాల్యంతో భాగించి, చెరువు వైశాల్యంతో గుణిస్తారు. వ్యాసార్ధం పదిలో ఎనిమిది వంతులే తెరుచుకుంటే వైశాల్యం 64 శాతమే. పూర్తి వైశాల్యంతో భాగించినవాడికి చెరువులోని సరుకు మూడో వంతుకు పైగా తక్కువ కనిపిస్తుంది, మేతా తక్కువ వేస్తాడు. ఒకే మనిషి, ఒకే వల, ఒకే లోతు అన్న నియమం పాటించడం మేలు. గట్టు వారన ఒకటి, నడిమి ఒకటి, ఏరేటర్ల దగ్గర ఒకటి వేసి సగటు తీసినా ప్రతి విసురులో తెరుచుకున్న మేరను కంటితో గమనించి రాసుకోకపోతే సగటుకు అర్థం ఉండదు.

కొలిచే పద్ధతి

సెకనుకు 240 చిత్రాలు తీసే ఫోను కెమెరాతో 0.4 సెకన్ల ఊపు 96 చిత్రాలుగా విడిపోతుంది. పక్క నుంచి ఒక వీడియో, ఎత్తైన గట్టు నుంచి ఒక వీడియో తీస్తే, తెలిసిన పొడవున్న కర్రను చిత్రంలో ఉంచితే, ప్రతి చిత్రంలో చేతి స్థానాన్ని కొలిచి వేగం, త్వరణం లెక్కించవచ్చు. నీటిని తాకే క్షణంలోని చిత్రంలో రెండు అడ్డ వ్యాసాలు కొలిస్తే తెరుచుకున్న వైశాల్యం వస్తుంది. వేగాన్ని బట్టి గతిజశక్తి, కాలాన్ని బట్టి సామర్థ్యం తేలుతాయి. ఇంటర్మీడియట్ విద్యార్థికి ఇది అందే లెక్కే.

శరీరం, భద్రత

కుదుపు విసురులో బలం నాలుగు రెట్లు కావడం భుజం కీలు మీదా, నడుము మీదా నేరుగా పడుతుంది. మణికట్టుకు బిగించిన తాడు జారని ముడి అయితే, పెద్ద చేప లాగినా, వల అడుగున మొద్దుకు పట్టుకున్నా, ప్రవాహంలో మనిషిని నీటిలోకి ఈడ్చగలదు. ఉచ్చు వదులుగా, చేయి ముడిస్తే జారేలా ఉండాలి. కొందరు అంచును పళ్ళతో పట్టుకుని, మూడో చేయిలా వాడతారు. వల మరింత గుండ్రంగా విచ్చుకోవడానికి అది సాయపడుతుంది. కానీ విడవడం లిప్త ఆలస్యమైతే పన్ను ఊడుతుంది, సీసపు గుళ్ళయితే ఆ లోహం నోట్లోకి చేరుతుంది. సీసం విషపదార్థం. ఇనుప గుళ్ళకు ఆ ప్రమాదం లేదు. నీటిలోని బరువులో అవి సీసానికి ఇరవయ్యో వంతు కంటే తక్కువే తీసిపోతాయి. ఉప్పునీటిలో తుప్పు పడతాయి కాబట్టి మొగల దగ్గర వాడే వలలను ప్రతిసారీ మంచినీటితో కడిగి ఆరబెట్టాలి.